గ్రేడు పక్కన పెట్టి డై చూడండి

1815 అని వేసి ఉన్న అమెరికన్ హాఫ్ డాలర్ ఎప్పుడైనా చేతికి వస్తే ఆఖరి అంకెని భూతద్దంతో చూడండి. ఆ 5 వెనకాల ఒక 2 కనిపిస్తుంది. మీకు దొరికిన నాణెంలోనే కాదు, ఆ తేదీతో ఉన్న ప్రతి హాఫ్ డాలర్‌లోనూ ఆ 2 ఉంటుంది. 1812 కోసం మొదలుపెట్టి వాడకుండా ఉంచేసిన ఒక డై (నాణెం మీద ముద్ర కొట్టే ఉక్కు అచ్చు) మీద 2ని 5గా దిద్దారు. ఆ ఒక్క బొమ్మ డైతోనూ, దానికి జతగా ఒకే ఒక్క బొరుసు డైతోనూ ఫిలడెల్ఫియా టంకశాల 47,150 నాణేలు కొట్టింది. తర్వాత 1816 జనవరిలో టంకశాలలో మంటలు లేచి, లోహాన్ని రేకులుగా సాగదీసే యంత్రాలున్న భవనం కాలిపోయింది. అందుకే 1816 తేదీతో హాఫ్ డాలరే లేదు, ఆ ఏడాదికి ఉన్నవి రాగి సెంట్లు మాత్రమే. వెండి పని మళ్ళీ మొదలైంది 1817లో.

ఇప్పుడు 1827 తీసుకోండి. ఆ ఏడాది 54 లక్షల పైచిలుకు హాఫ్ డాలర్లు కొట్టారు, దాదాపు 50 డై జోడీలతో. ధరల పట్టికలో ఈ రెండు సంవత్సరాలూ రెండు వరుసలు, అంతే. 1815 ఖరీదు, 1827 చవక. చాలామంది సేకరణ అక్కడితో ఆగిపోతుంది. ఆగిపోవడం వాళ్ళ ఇష్టం, కానీ ఆ నాణేల్లో ఉన్న అసలు సమాచారం అక్కడి నుంచే మొదలవుతుంది అన్నది నా వాదన. ఇంకా సూటిగా చెప్తాను: అమెరికా తొలి నలభై ఏళ్ళ వెండి నాణేలని డైల వారీగా సేకరించాలి, అదీ బాగా చేతులు మారి అరిగిన నాణేలతో. మెరుపుకి, నాణేన్ని బిగించిన ప్లాస్టిక్ డబ్బా మీద అది ఎంత అరగకుండా ఉందో చెప్పే గ్రేడు నంబరుకి డబ్బు పెట్టేవాళ్ళు ఆ టంకశాల గురించి తెలుసుకోగలిగినదాన్ని చాలావరకు వదులుకుంటున్నారు.

నేను న్యూజెర్సీలో ఉంటాను. కాయిన్ షోకి వెళ్ళినప్పుడల్లా హాఫ్ డాలర్ల పెట్టె ముందు కూర్చుంటాను. తెలిసినవాళ్ళు అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "అన్నీ ఒకేలా ఉన్నాయి కదా, అదే నాణెం మళ్ళీ ఎందుకు?" న్యాయమైన ప్రశ్నే. 1807 నుంచి 1836 దాకా, టోపీ పెట్టుకున్న లిబర్టీ (స్వేచ్ఛాదేవత) బొమ్మతో, అంచు మీద అక్షరాలతో వచ్చిన హాఫ్ డాలర్లకి ఇప్పటికి దాదాపు 450 డై జోడీలు లెక్క తేలాయి. డిజైన్ మాత్రం ఒకటే. ఒక్కో డిజైన్‌కి ఒక నాణెం చాలనుకునేవాళ్ళకి ఇది పిచ్చిగానే కనిపిస్తుంది. కానీ ఆ 450 ఒకేలా లేవు. ఎందుకు లేవో తెలియాలంటే అప్పట్లో డై ఎలా తయారయ్యేదో తెలియాలి.

ఇవాళ్టి టంకశాలలో ఒక మాస్టర్ నుంచి వందల డైలు అచ్చుగుద్దినట్టు ఒకేలా వస్తాయి. అప్పుడు అలా కాదు. లిబర్టీ తల వరకు ఒక పంచ్ (బొమ్మ చెక్కిన ఉక్కు పనిముట్టు), గద్ద వరకు ఇంకో పంచ్ ఉండేవి. ఉక్కుదిమ్మ మీద వాటిని దించాక మిగతాదంతా చేత్తో. బొమ్మ వైపు 13 చుక్కలు (నక్షత్రాలు), ఎడమ ఏడు, కుడి ఆరు, ఒక్కో చుక్కని విడిగా పంచ్ పెట్టి సుత్తితో కొట్టాలి. తేదీలో నాలుగు అంకెలు, విడివిడిగా. బొరుసు వైపు యునైటెడ్ స్టేట్స్ ఆఫ్ అమెరికా అన్న మాటల్లో ప్రతి అక్షరం విడిగా, కింద 50 సి అన్నది విడిగా. పైగా అదంతా అద్దంలో చూసినట్టు తిరగేసి కొట్టాలి. ఒక చుక్క అంచు పళ్ళకి (నాణెం ముఖం చుట్టూ ఉండే పళ్ళలాంటి గీతలకి) కాస్త దగ్గరవుతుంది, ఒకటి దూరం జరుగుతుంది, 8 కాస్త పైకి లేస్తుంది. ఏ రెండు డైలూ కొలతకి సరిపోవు. ఆ తేడాలే మనకి ఆధారం. రిబ్బను కొస పైనున్న ఏ అక్షరం కిందికి వచ్చింది, డాలులోని అడ్డగీతలు గద్ద రెక్కలోకి పొడుచుకెళ్ళాయా లేదా, 50కి సి ఎంత దగ్గరగా ఉంది: ఇలాంటివి నాలుగైదు చూస్తే నాణెం ఏ డై జోడీదో తేలిపోతుంది.

చేత్తో కొట్టిన చోట చేతి పొరపాట్లు ఉంటాయి, దిద్దుబాట్లూ ఉంటాయి. 1806 హాఫ్ డాలర్ ఒకదానిలో 6ని ముందు తలకిందులుగా కొట్టి, తర్వాత దాని మీదే నిటారుగా ఇంకో 6 కొట్టారు. 1807లో ఒక బొరుసు డై మీద 50కి బదులు 20 పడింది, 2 మీద 5 కొట్టి సర్దారు. 1813లో ఒకటి మరీ ఆసక్తిగా ఉంటుంది: యునైటెడ్ అన్న మాటని తప్పు చోట, కింద విలువ ఉండాల్సిన జాగాలో మొదలుపెట్టి, యు, ఎన్, ఐ దాకా వచ్చాక ఆ మనిషికి తెలిసింది. దాన్ని కొంత చెరిపి దాని మీదే 50 సి కొట్టాడు. ఆ మూడు అక్షరాల ఆనవాళ్ళు ఇప్పటికీ కనిపిస్తాయి. 1814లో స్టేట్స్ అన్న మాటలో E పడాల్సిన చోట A పడింది. 1823లో విరిగిన 3, అతుకు వేసిన 3, వికారపు 3 అని మూడు పేర్లతో పిలిచే డైలు ఉన్నాయి, పంచ్ దెబ్బతిని ఆ అంకెని దిద్దుకుంటూ పోయారు కాబట్టి. ఇంత పొరపాటు పడ్డ డైని పారేయకుండా దిద్ది వాడారంటే మంచి ఉక్కు ఎంత విలువైనదో, పని ఎంత ఒత్తిడిలో జరిగిందో అర్థమవుతుంది. ఈ ముక్క ఏ రిపోర్టులోనూ ఇంత స్పష్టంగా రాసి ఉండదు.

ఆ డిజైన్ చేసినవాడు జాన్ రైక్, జర్మనీ నుంచి వచ్చినవాడు. వచ్చిన ఖర్చుకి బదులు పనిచేసి తీర్చే ఒప్పందం మీద వచ్చాడు. 1807లో టంకశాలలో అసిస్టెంట్ ఎన్‌గ్రేవర్‌గా చేరి 1817లో వెళ్ళిపోయాడు. ఆ పదేళ్ళ డైల మీద పదమూడో చుక్కలో ఒక కొనకి చిన్న గాటు ఉంటుంది. అది ఆయన తన గుర్తుగా పెట్టుకున్నదని సేకర్తలు ఎప్పటినుంచో నమ్ముతున్నారు. నాణెం మీద పేరు వేసుకునే హక్కు లేని మనిషి ఒక చుక్క కొనలో తన ఉనికిని ఉంచాడనుకుంటే నాకు ఆ గాటు మొత్తం లిబర్టీ బొమ్మకంటే ముఖ్యంగా కనిపిస్తుంది. మీరు దాన్ని వెతకాలంటే గొప్ప గ్రేడు అక్కర్లేదు. మధ్యస్థంగా అరిగిన నాణెంలో కూడా కనబడుతుంది.

ఇక పగుళ్ళు. నా ఆసక్తి అంతా ఇక్కడే, కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

డై అంటే గట్టిపరచిన ఉక్కు. ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచి చల్లారుస్తారు. కాస్త అటూ ఇటూ అయినా పెళుసుబారుతుంది. దాన్ని మనుషులు చేతులతో తిప్పే స్క్రూ ప్రెస్సులో పెట్టి వెండి బిళ్ళ మీద దింపుతారు, వేలసార్లు. ఎక్కడో సన్నటి పగులు మొదలవుతుంది. డై మీద పగులంటే గుంట, కాబట్టి నాణెం మీద అది ఉబ్బెత్తు గీతగా వస్తుంది. నాణెం నాణేనికీ ఆ గీత పొడుగవుతుంది, వెడల్పవుతుంది, ఒక చుక్క నుంచి ఇంకో చుక్కకి పాకుతుంది, చివరికి డైలో ముక్కే ఊడిపోతుంది. 1807లో ఒక డై పగులు లిబర్టీ గడ్డం దగ్గర ఎలా పెరిగిందంటే ఆ నాణేన్ని గడ్డమున్న దేవత అని పిలుస్తారు. ఒక్కోసారి బిళ్ళ పెట్టకుండానే ప్రెస్ దిగుతుంది, రెండు డైలూ ఒకదాన్నొకటి కొట్టుకుని, బొమ్మ మీద బొరుసు గీతలు, బొరుసు మీద బొమ్మ గీతలు పడతాయి. ఆ మచ్చ అప్పటి నుంచి కొట్టిన ప్రతి నాణెం మీదా వస్తుంది. డైని అరగదీసి పాలిష్ పెడితే మచ్చ పోతుంది, దాంతో పాటు లోతు తక్కువున్న ఆకో, జుట్టు పాయో కూడా పోతుంది.

దీనివల్ల ఏం తెలుస్తుందంటే, వరుస. ఒక బొమ్మ డై ముందు ఒక బొరుసు డైతో జతకట్టింది. బొరుసు పగిలిపోయింది. దాన్ని తీసేసి ఇంకో బొరుసు పెట్టారు. ఈలోగా బొమ్మ డై ముసలిదైంది, దాని మీద పగుళ్ళు వచ్చాయి, దాన్ని మార్చారు, బొరుసు కొనసాగింది. ఇలా గొలుసులా సాగుతుంది. ఇక్కడి సేకర్తలు ఒక్కో జతని డై మ్యారేజ్ అంటారు. పగులు ఏ నాణెం మీద చిన్నగా ఉంది, ఏ నాణెం మీద పెద్దగా ఉంది అని పక్కపక్కన పెట్టి చూస్తే ఏ జోడీ ముందు, ఏది తర్వాత అన్నది తేలిపోతుంది. రెండు వందల ఏళ్ళ కిందట ఒక పనిగదిలో జరిగిన పనిని, ఎవరూ డైరీలో రాయకపోయినా, క్రమంలో చెప్పగలం. ఇంతకంటే గట్టి సాక్ష్యం చరిత్రలో అరుదుగా దొరుకుతుంది.

హాఫ్ డాలర్లు వదిలేసి డైమ్‌ల (పది సెంట్ల నాణేల) వైపు ఒక్కసారి చూద్దాం, ఎందుకంటే నాకు ఈ విద్యలో అన్నిటికంటే నచ్చిన సంగతి అక్కడుంది. 1798 నుంచి 1807 మధ్య కొట్టిన డైమ్‌కీ, అదే కాలంలో కొట్టిన రెండున్నర డాలర్ల బంగారు నాణేనికీ బొరుసు మీద ఒకే రకం గద్ద. కొలత దాదాపు ఒకటే. రెండింటి మీదా విలువ రాసి ఉండదు. అంటే ఒకే బొరుసు డైని బంగారానికీ వాడొచ్చు, వెండికీ వాడొచ్చు. వాడారు కూడా, ఒకసారి కాదు, చాలాసార్లు. మరి ఆ డై మీద పగులు బంగారు నాణెంలో చిన్నగా, డైమ్‌లో పెద్దగా ఉంటే బంగారం ముందు కొట్టారన్నమాట. డైమ్ చదివేవాడు బంగారు నాణెం చదవకుండా ఉండలేడు. బంగారు నాణెం కొనే స్తోమత నాలాంటివాళ్ళకి లేదు, కానీ ఫొటో చూడడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. వేలంపాటల పాత ఫొటోలు ఇంటర్నెట్‌లో ఉచితంగా పెద్ద సైజులో దొరుకుతున్నాయి. పది సెంట్ల నాణేన్ని, ఇరవై అయిదు రెట్ల విలువున్న నాణేన్ని ఒకే డై కలుపుతోందని తెలిసినప్పుడు ఆ టంకశాల ఎంత చిన్నదో, చేతిలో ఉన్నదానితో ఎలా నెట్టుకొచ్చిందో కళ్ళకి కడుతుంది.

కాగితాలున్నాయి కదా, ఇంత కష్టం దేనికి అని అడిగేవాళ్ళకి 1804 కథ చెప్తాను. ఆ ఏడాది 19,570 వెండి డాలర్లు, 1,56,519 హాఫ్ డాలర్లు కొట్టినట్టు టంకశాల లెక్కల్లో ఉంది. లెక్క అబద్ధం కాదు. కానీ ఆ డాలర్ల మీద 1804 లేదు, పాత తేదీల డైలతోనే కొట్టారు. డై పనికొచ్చినంత కాలం తేదీ మారినా వాడేసేవాళ్ళు. 1804 హాఫ్ డాలర్ అయితే ఇప్పటిదాకా ఒక్కటి కూడా బయటపడలేదు. అయినా 1804 కోసం డై తయారు చేశారని మనకి ఖాయంగా తెలుసు, ఎలాగంటే 1805 హాఫ్ డాలర్లలో కొన్నింటి 5 కింద 4 ఉంది. కాగితం ఒకటి చెప్తుంది, ఉక్కు ఇంకోటి చెప్తుంది, రెండూ కలిపితేనే జరిగింది తెలుస్తుంది.

మరి 1804 అని వేసి ఉన్న ఆ ప్రసిద్ధ డాలర్లు? వాటిలో మొదటివి 1834లో, సియాం (ఇప్పటి థాయ్‌లాండ్) రాజుకీ మస్కట్ సుల్తానుకీ కానుకలుగా ఇవ్వడానికి తయారుచేసిన సెట్ల కోసం కొట్టినవి. మొత్తం తెలిసినవి చాలా కొద్ది. మస్కట్ సుల్తానుకి ఇచ్చినదిగా చెప్పే నాణెం 1999లో 41 లక్షల డాలర్లకి పైగా పలికింది. వాటి అంచు చూస్తే గుట్టు దొరుకుతుంది. 1804 నాటి పద్ధతిలో బిళ్ళ చుట్టూ ముందే అక్షరాలు దింపి, తర్వాత బిగింపు లేకుండా కొట్టేవారు. ఈ డాలర్లలో అంచు అక్షరాలు నలిగి ఉంటాయి, ఎందుకంటే చుట్టూ ఇనుప కాలర్ బిగించి కొట్టారు, ఆ కాలర్ పద్ధతి ఫిలడెల్ఫియాలో 1820ల చివర్లోనే మొదలైంది. ఆ డాలర్లని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ తన తేదీ నాటిది కాని నాణేనికి అంత పేరు రావడం, నిజంగా ఆ రోజుల్లో కొట్టిన, వందమంది చేతుల్లో తిరిగిన డైమ్ జోడీ గురించి ఎవరికీ పట్టకపోవడం నాకు కష్టంగా అనిపిస్తుంది.

ఇక గ్రేడు సంగతి. 1 నుంచి 70 దాకా ఉన్న ఈ కొలబద్దని 1949లో రాగి సెంట్ల డై వెరైటీల (డైల తేడాలతో వచ్చిన రకాల) మీద రాసిన ఒక పుస్తకంలోనే మొదట ప్రవేశపెట్టారు. అడుగు స్థాయి నాణెం విలువ ఒకటైతే పరిపూర్ణమైనదాని విలువ 70 రెట్లు అన్న లెక్కతో. అంటే వెరైటీలు చదివేవాళ్ళ పనిలో ధర కట్టుకోవడానికి పుట్టిన కొలత అది. ఇప్పుడు అది మిగతా అన్నిటినీ మింగేసింది. నాణెం పేరు చెప్పకముందే నంబరు చెప్తారు. 58కీ 62కీ మధ్య ఉన్న తేడా కోసం వేల డాలర్లు పెట్టే మనిషి, అదే బొమ్మ డై వేరే బొరుసుతో జతకట్టిన నాణెం పక్క బల్ల మీద తక్కువ ధరకి పడి ఉంటే తిరిగి కూడా చూడడు.

అరిగిన నాణెం ఎంత అరిగినా ఫరవాలేదా? లేదు, దానికీ హద్దుంది. చుక్కల కొనలు, అంచు పళ్ళు పూర్తిగా చదునైపోతే డైని గుర్తుపట్టడమే కష్టం. సన్నటి మచ్చలు, పాలిష్ గీతలు చూడడానికి మంచి నాణేలు కావాల్సిందే, కొత్త డై స్థితిని మొదట కనిపెట్టేది చాలాసార్లు వాటి మీదే. అందుకే నేను మధ్యలో ఉండమంటాను: టోపీ పట్టీ మీద లిబర్టీ అన్న మాట చదవగలిగేలా, అంచు పళ్ళు కనబడేలా ఉంటే చాలు. ఆ స్థాయి హాఫ్ డాలర్లు కొల్లలుగా దొరకడానికి ఒక కారణం ఉంది. 1804 తర్వాత మూడు దశాబ్దాల పాటు టంకశాల డాలర్ నాణేలు కొట్టనేలేదు, కాబట్టి బ్యాంకులు నిల్వ కోసం హాఫ్ డాలర్లనే సంచుల్లో ఉంచుకునేవి, ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకి పంపేవి. జనం చేతుల్లో డైమ్‌లూ క్వార్టర్లూ (పావు డాలర్లూ) అరిగినంతగా ఇవి అరగలేదు.

కడగడం మాత్రం వద్దు. రెండు వందల ఏళ్ళ వెండికి వచ్చిన బూడిదరంగుని ఎవరో పేస్టు పెట్టి రుద్దేస్తే పగులు గీత అంచులు కూడా మొద్దుబారతాయి.

ప్లాస్టిక్ డబ్బాల గురించి నా ఫిర్యాదు వేరే. ఈ హాఫ్ డాలర్ల అంచు మీద ఫిఫ్టీ సెంట్స్ ఆర్ హాఫ్ ఎ డాలర్ అని రాసి ఉంటుంది. నాణెం కొట్టడానికి ముందే బిళ్ళని రెండు పట్టీల మధ్య దొర్లించి ఆ మాటలు దింపేవారు. ఆ పట్టీలకీ తేడాలుంటాయి. 1809లో కొన్ని నాణేల అంచు మీద మాటల మధ్య ఎక్స్ గుర్తులు, కొన్నింటి మీద నిలువు గీతలు ఉన్నాయి, ఏదో ప్రయోగం చేశారు. అంచు కనబడకుండా తెల్లటి చట్రంలో బిగించిన పాత డబ్బాల్లో ఉన్న 1809 నాణేన్ని చూసి ఏం చెప్పగలం? అంచు కనబడేలా నాలుగు కొక్కేలతో పట్టి ఉంచే డబ్బాలు తర్వాత వచ్చాయి, మంచిదే. గ్రేడు వేసే కంపెనీలు ఇంకా ముందుకెళ్ళి లేబుల్ మీద డై జోడీనీ, పగులు ఏ దశలో ఉందో కూడా అడక్కుండానే రాయాలి. అదనపు డబ్బు కడితేనే వెరైటీ రాస్తామనే పద్ధతి వల్ల చవక నాణేల సమాచారం నమోదు కాకుండా పోతోంది. ఎన్ని ఉన్నాయో తెలుసుకోవాలంటే చవకవే ఎక్కువగా లెక్కకి రావాలి.

ఆ లెక్క గురించి కూడా చెప్పాలి. 1967లో ఓవర్టన్ అనే ఆయన తన పుస్తకంలో హాఫ్ డాలర్ల డై జోడీలకి నంబర్లిచ్చాడు, ఏ సంవత్సరానికా సంవత్సరం 101 నుంచి మొదలు. డై పగిలిన తర్వాతి దశకి పక్కన a అని చేరుస్తారు. ఇప్పటికీ అందరూ ఓ-101, ఓ-102 అనే మాట్లాడుకుంటారు. వీటికి అరుదుదనం కొలత ఆర్1 నుంచి ఆర్8 దాకా. వెయ్యికి పైగా ఉంటే ఆర్1, నాలుగు నుంచి పన్నెండు దాకా తెలిస్తే ఆర్7. 1817లో 7 కింద 4 ఉన్న హాఫ్ డాలర్ ఉంది, తెలిసినవి ఓ డజను దాకా. అలాంటిది దొరకాలని అందరికీ ఉంటుంది. కానీ ఆర్ నంబర్ల వెంట పడడం కూడా గ్రేడు నంబర్ల వెంట పడడం లాంటిదే. ఆ నంబరు ఇప్పటిదాకా ఎంతమంది వెతికారన్నదాన్ని బట్టి ఉంటుంది, వెతికేవాళ్ళు పెరిగితే ఆర్7 ఆర్6 అవుతుంది. నాకైతే పగులు మొదటి దశ, మధ్య దశ, చివరి దశ ఉన్న మూడు ఆర్1 నాణేలు ఒక ఆర్6 కంటే ఎక్కువ చెప్తాయి.

వెరైటీ సేకర్తల మీద ఉన్న ఒక నింద గురించి మాట్లాడకపోతే నా వాదన సగమే అవుతుంది. డీలర్‌కి తెలియని అరుదైన జోడీని మామూలు ధరకి కొనేసి బయటపడడాన్ని ఇక్కడ చెర్రీపికింగ్ అంటారు, గొప్పగా చెప్పుకుంటారు. ఇది మోసమా? వ్యాపారం చేసేవాడు, ఓవర్టన్ పుస్తకం తన బల్ల కింద పెట్టుకున్నవాడు ధర చీటీ అంటించి పెట్టాక ఆ ధర ఇచ్చి కొనడం తప్పు కాదు. చూసే ఓపిక ఆయనకి లేదు, నాకుంది. కానీ భర్త పోయిన ఒక పెద్దావిడ డబ్బా తెచ్చి "ఇవి ఎంత చేస్తాయి బాబూ" అని అడిగితే, ఆ క్షణం నుంచి నేను కొనేవాణ్ణి కాదు. తెలిసిందంతా చెప్పాలి, ఆ తర్వాత ఆవిడ నాకు అమ్మితే సరైన ధరకి అమ్మాలి. ఈ గీత ఎక్కడుందో తెలియనట్టు నటించేవాళ్ళని చూశాను. తెలివికి విలువ కట్టుకోవడం వేరు, నమ్మి అడిగినవాళ్ళ అమాయకత్వం మీద సంపాదించడం వేరు. మన క్లబ్బుల్లో ఈ మాట గట్టిగా అనాలి.

నకిలీల కాలంలో డైలు చదవడం వచ్చినవాడికి ఇంకో లాభం కూడా ఉంది. ఇవాళ ఆన్‌లైన్‌లో నకిలీ హాఫ్ డాలర్లు, డాలర్లు కుప్పలుగా అమ్ముతున్నారు. బరువు సరిపెట్టగలరు, 13.48 గ్రాములు కష్టం కాదు. వెండి కూడా పెట్టగలరు. కానీ ఆ బొమ్మ డై, ఆ బొరుసు డై ఎప్పుడైనా జతకట్టాయా అన్న ప్రశ్నకి నకిలీ తయారుచేసేవాడి దగ్గర జవాబు ఉండదు. 1810ల తేదీకి 1830ల బొరుసు అతికించి అమ్మేవాళ్ళున్నారు. ఒకే అసలు నాణెం నుంచి అచ్చు తీసినవైతే దాని మీదున్న దెబ్బ, గీత ప్రతి నకిలీ మీదా అదే చోట ఉంటుంది. ఆ రోజుల్లోనే కొట్టిన దొంగ హాఫ్ డాలర్లు వేరే కథ, వాటిని కూడా డైల వారీగా సేకరించేవాళ్ళున్నారు. టెన్షన్ పడకుండా కొనాలంటే సర్టిఫికెట్‌ని కాదు, జోడీని గుర్తుపట్టడం నేర్చుకోండి.

ఇదంతా అమెరికా సంగతి, మనకెందుకు అనేవాళ్ళకి మద్రాసు నాణేలు గుర్తుచేస్తాను. ఫిలడెల్ఫియాకి వెండి ఎక్కడిది? ఎక్కువభాగం బ్యాంకులూ వర్తకులూ తెచ్చి ఇచ్చిన విదేశీ నాణేలు, అందులో ప్రధానంగా మెక్సికోలో, దక్షిణ అమెరికాలో కొట్టిన స్పానిష్ డాలర్లు. అవే డాలర్లు ఓడల్లో మన తీరానికీ వచ్చేవి. రైక్ హాఫ్ డాలర్ మొదలైన మరుసటి ఏడాది, 1808 నుంచి, ఈస్ట్ ఇండియా కంపెనీ మద్రాసులో అర వరహా వెండి నాణేలు కొట్టించింది. ఒక వైపు గోపురం, చుట్టూ చుక్కలు. ఇంకో వైపు విష్ణుమూర్తి, విలువ తమిళంలోనూ తెలుగులోనూ. వాటిలో కొన్ని స్పానిష్ డాలర్ల మీదే తిరిగి కొట్టినవి, పాత ముద్ర ఆనవాళ్ళు కింద లీలగా కనిపించే నాణేలున్నాయి. ఒకే వెండి అటు వెళ్ళి లిబర్టీ అయింది, ఇటు వచ్చి తెలుగు అక్షరం మోసింది. ఆ అర వరహాల మీద చుక్కలు కూడా చేత్తో పెట్టినవే, లెక్కా వరసా డైకీ డైకీ మారుతుంది. విజయవాడలోనో హైదరాబాద్‌లోనో నాణేల ప్రదర్శనకి వెళ్ళేవాళ్ళు గోపురం పక్క చుక్కలు లెక్కపెట్టి, ఫొటో తీసి, ఏ బొమ్మ ఏ బొరుసుతో కలిసిందో ఒక పట్టిక రాయడం మొదలుపెడితే హాఫ్ డాలర్ల మీద ఇక్కడ జరిగిన పని అక్కడా జరుగుతుంది. ఆ నాణేలని బరువు చూసి, అందం చూసి ధర కట్టి వదిలేయడం నాకు నచ్చదు.

హాఫ్ డాలర్లతో మొదలుపెట్టాలనుకునేవాళ్ళు నన్ను ఏ సంవత్సరం అని అడుగుతుంటారు. 1827 వద్దు, అన్ని జోడీలని విడదీసేసరికి విసుగొస్తుంది. 1815 ధర ఎక్కువ, పైగా జోడీ ఒక్కటే. 1808 తీసుకోండి. జోడీలు పది దాకా ఉంటాయి, వాటిలో ఒకదానికి 8 కింద 7 ఉంది, రైక్ గాటు ఉన్న కాలం నాటివి, మధ్యస్థంగా అరిగినవి దొరుకుతాయి. మొదటి నాణెం కొనేముందు వేలం ఫొటోల్లో ఆ పది జోడీలనీ పక్కపక్కన పెట్టి చూసుకోండి, పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం ఒకటి కొనుక్కోండి, షోకి వెళ్ళినప్పుడు డబ్బాలో బిగించనివి చూపించమని అడగండి, అంచు కూడా తిప్పి చూడొచ్చు.